మెటాలికా ఏ తారీఖున అమ్ముడుపోయింది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అన్నయ్యకీ నాకూ పెద్ద గొడవైంది. ఆస్తి గొడవ కాదు లెండి, కొట్టుకునేంత ఆస్తి మాకెక్కడిది :) గొడవ మెటాలికా గురించి. కనుమ రోజు మధ్యాహ్నం, గారెలూ కోడికూరా తిని అరుగు మీద కూర్చున్న ఇద్దరు పెద్ద మనుషులు ఒక అమెరికన్ హెవీ మెటల్ బ్యాండు 1996 లో జుట్టు ఎందుకు కత్తిరించుకుందీ అని గొంతులు చించుకుంటుంటే, మా పెద్దమ్మ లోపల్నించి వచ్చి "ఎవర్రా ఆ జేమ్సు? మీకేమన్నా బాకీ పడ్డాడా?" అని అడిగింది.

అన్నయ్య అంటే మా పెద్దనాన్నగారి అబ్బాయి. నాకంటే 13 ఏళ్ళు పెద్ద. అసలు మెటల్ అనేది ఒకటుందని నాకు చెప్పిందే తను. ఇంజనీరింగ్ చదివేటప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఎంపీ3 సీడీ ఒకటి ఉండేది తన దగ్గర. మెటాలికా పాటలన్నీ ఒకే సీడీలో, స్పెల్లింగ్ తప్పులతో సహా. నేను నాలుగో క్లాసులో ఉండగా అది విని భయపడి, ఐదో క్లాసులో అలవాటు పడి, ఆరో క్లాసుకల్లా ఆ సీడీ కొట్టేశాను. అంచేత ఇప్పుడు నేను రాయబోయేదంతా గురువుకి పంగనామాలు పెట్టడమే. అయినా సరే రాస్తా.

అన్నయ్య వాదన మీలో చాలామందికి తెలిసిందే. మీ ఆఫీసులో నల్ల టీషర్ట్ వేసుకొచ్చే ఏ సీనియర్ని కదిపినా ఇదే చెప్తాడు. "1988 తోనే వాళ్ళ పనైపోయింది. 91 నించీ అంతా కమర్షియల్. డబ్బుకి అమ్ముడుపోయారు." అంతే. తీర్పు వచ్చేసింది, అప్పీలు లేదు.

నా గొడవల్లా ఆ ఆఖరి మాటతోనే. "ఆ ఆల్బం నాకు నచ్చలేదు" అను, ఒప్పుకుంటా. "ఆ పాటలో రిఫ్ నీరసంగా ఉంది" అను, కూర్చుని మాట్లాడుకుందాం. "అమ్ముడుపోయారు" అంటే ఏంటి? అది సంగీతం గురించి చెప్పే మాట కాదు. ఎదుటివాడి మనసులో ఏముందో మనకి తెలిసిపోయిందని చెప్పే మాట. పాట వినాల్సిన పని లేకుండా చేసే మాట. కోడ్ చదవకుండా "ఇది మేనేజర్ ఒత్తిడితో రాసిన కోడ్" అని రివ్యూలో కామెంటు పెట్టినట్టుంటుంది. అవునేమో బాబూ, ముందు అది పని చేస్తోందో లేదో చూడు!

సరే, మనం ప్రోగ్రామర్లం కదా, దీనికి మన పద్ధతిలోనే గిట్ బైసెక్ట్ వేద్దాం. 1983 లో వచ్చిన కిల్ ఎమ్ ఆల్ గుడ్ కమిట్. 1997 లో వచ్చిన రీలోడ్ బ్యాడ్ కమిట్. ఈ రెండిటి మధ్యలో బగ్గు ఎక్కడ దూరింది?

అన్నయ్యనడిగితే 1991, బ్లాక్ ఆల్బం. కానీ 1984 లో రెండో ఆల్బంలో ఫేడ్ టు బ్లాక్ అనే నెమ్మది పాట, అదీ అకౌస్టిక్ గిటార్‌తో మొదలయ్యే పాట పెట్టినప్పుడే "అయిపోయింది, అమ్ముడుపోయారు" అని అలిగిన అభిమానులున్నారు. ఇవాళ అదే పాటని ప్యూరిస్టులు కళ్ళు మూసుకుని పాడుతుంటారు. ఇంకొందరికి 1984 లోనే ఎలెక్ట్రా అనే పెద్ద కంపెనీతో సంతకం పెట్టడం నేరం. (అన్నయ్య దేవుడి గదిలో పెట్టుకోవాల్సినంత పవిత్రంగా చూసే మాస్టర్ ఆఫ్ పపెట్స్, 1986 లో వచ్చింది ఆ పెద్ద కంపెనీ లేబుల్ మీదే. ఈ సంగతి కనుమ రోజు చెప్తే వినబడనట్టు నటించాడు.) ఇంకొందరికి 1989, ఎందుకంటే అప్పటిదాకా మ్యూజిక్ వీడియోలు చెయ్యని బ్యాండు వన్ పాటకి వీడియో చేసి ఎమ్‌టీవీకి ఇచ్చింది. ఇంకొందరు బ్లాక్ ఆల్బం దాకా సర్దుకుపోయి 1996 లో లోడ్ దగ్గర బస్సు దిగిపోయారు.

ఒక్కోడి మెషిన్లో ఒక్కో కమిట్ బ్యాడ్ అని వస్తోందంటే బగ్గు కోడ్‌లో లేదు. టెస్ట్ కేసులో ఉంది. ఆ టెస్ట్ కేసు ఏంటో నాకు తెలుసు: "నేను మొదటిసారి విన్నప్పుడు ఎలా అనిపించిందో మళ్ళీ అలాగే అనిపిస్తోందా, లేదా?" ఈ టెస్టు పాసవడం ఏ బ్యాండు వల్లా కాదు. మన దగ్గర ఇళయరాజా విషయంలో జరిగేదీ ఇదే, రెహమాన్ విషయంలో జరిగేదీ ఇదే. ఎవడికి ఇంటర్లో విన్న పాటలు వాడికి స్వర్ణయుగం.

ఇందులో తమాషా ఇంకోటుంది. 1986 లో కాలిఫోర్నియాలో మాస్టర్ ఆఫ్ పపెట్స్ కేసెట్ కొనుక్కుని, ఐదేళ్ళు ఎదురు చూసి, తర్వాత వచ్చినవి విని మనసు విరిగినవాడు అలిగాడంటే అర్థముంది. వాడి ఐదేళ్ళు వాడు ఖర్చు పెట్టాడు. 1991 లో మా అన్నయ్య ఒకటో క్లాసు. తను ఈ ఆల్బములన్నీ ఒకే రోజు, ఒకే సీడీలో, షఫుల్ పెట్టుకుని విన్నాడు. నేనైతే రీలోడ్ వచ్చిన కొన్ని నెలలకి పుట్టాను. మనకి ఏ మోసమూ జరగలేదండీ. మన అలక అరువు తెచ్చుకున్న అలక. ఎవరో ఇంగ్లీషులో రాసిన కోపాన్ని డౌన్‌లోడ్ చేసుకుని మన కోపం అనుకుంటున్నాం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బ్లాక్ ఆల్బం కమర్షియలే. నేనేమీ దాచను. వాళ్ళకి పెద్దగా అవ్వాలని ఉంది. మోట్లీ క్రూ వాళ్ళ డాక్టర్ ఫీల్‌గుడ్ సౌండు విని, అది చేసిన బాబ్ రాక్‌ని పిలిపించుకున్నారు. 1990 అక్టోబరు నించి 1991 జూన్ దాకా స్టూడియోలో ఉండి, సుమారు 10 లక్షల డాలర్లు తగలేసి, మూడు సార్లు మిక్స్ చేయించారు. ఆ లోపు బ్యాండులో ముగ్గురి కాపురాలు కూలిపోయాయి. అమెరికాలోనే కోటీ అరవై లక్షల కాపీల పైన అమ్ముడయింది. ఇంత కష్టపడి అమ్మినదాన్ని "అమ్ముడుపోయారు" అంటే ఏదో అడ్డదారిలో వచ్చినట్టుంటుంది. దారేమీ అడ్డం కాదు, చాలా పొడుగు.

పాటలు చిన్నవయ్యాయి, సింపుల్ అయ్యాయి అంటారు. అయ్యాయి. అంతకు ముందు ఆల్బంలో టైటిల్ పాట పది నిమిషాలకి కొంచెం తక్కువ. టూర్లో అది వాయించి వాయించి తమకే విసుగొచ్చిందని వాళ్ళే చెప్పుకున్నారు. మన టీములో ఎవడైనా వెయ్యి లైన్ల ఫంక్షన్‌ని 200 లైన్లకి తెచ్చి అదే పని చేయిస్తే వాడిని నెత్తిన పెట్టుకుంటాం. సంగీతంలో మాత్రం లైన్లు ఎక్కువుంటేనే గొప్ప కోడ్ అంటాం!

పైగా ఆ "ప్యూర్" ఆల్బం సంగతేంటో ఓసారి చూద్దాం. 1986 సెప్టెంబరు 27 న స్వీడన్లో బస్సు బోల్తాపడి బాసిస్ట్ క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆ స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988 లో ...అండ్ జస్టిస్ ఫర్ ఆల్ వచ్చింది. అందులో బాస్ గిటార్ వినబడదు. నేను వెటకారానికి అనట్లేదు, నిజంగానే వినబడదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెతకండి. బాస్ తగ్గించమని లార్స్ అల్రిక్కే అడిగాడని మిక్స్ చేసినాయన తర్వాత బాహాటంగా చెప్పాడు. కొత్తగా చేరినవాడు, చనిపోయిన స్నేహితుడి కుర్చీలో కూర్చున్నవాడు, వాడు వాయించిందంతా కనబడకుండా నొక్కేశారు. పాటలు అద్భుతం, కాదనను, నేను ఇప్పటికీ వారానికోసారి వింటా. కానీ నలుగురు మనుషులున్న బ్యాండులో ఒకడి వాయిద్యం లేకుండా బయటకొచ్చిన రికార్డుని "నిజాయితీ గల ఆఖరి ఆల్బం" అనీ, అదే న్యూస్టెడ్ వేళ్ళు మొదటిసారి సరిగ్గా వినబడ్డ 1991 ఆల్బంని "డబ్బు కోసం చేసింది" అనీ అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. బాబ్ రాక్ డబ్బు కోసమే వచ్చాడనుకో, ఆ మనిషికి న్యాయం జరిగింది మాత్రం ఆయన చేతుల మీదే.

ఇహ లోడ్. అసలు గొడవంతా ఇక్కడే ముదిరింది.

అన్నయ్య చార్జిషీట్లో ఉన్నవి: జుట్టు కత్తిరించారు, కళ్ళకి కాటుక పెట్టుకున్నారు, ఆంటన్ కోర్బెయిన్ చేత స్టైలుగా ఫోటోలు తీయించుకున్నారు, కవరు మీద ఆంద్రెస్ సెరానో తీసిన అదోరకం బొమ్మ పెట్టారు, లొల్లాపలూజాలో వాయించారు, అప్పట్లో నడుస్తున్న ఆల్టర్నేటివ్ ఫ్యాషన్ వెనకాల పడ్డారు. ఇందులో సగం నేనూ ఒప్పుకుంటా. ఆ గెటప్పులూ ఆ కవరూ తనకే నచ్చలేదని హెట్‌ఫీల్డ్ కూడా తర్వాత చెప్పాడు. ఫోటోలు ఫ్యాషనే. కానీ మెటాలికా ఫోటోలు వాయించదు కదా!

పాటలకి రండి. డబ్బే కావాలనుకుంటే వాళ్ళ చేతిలో కోటికి పైగా కాపీలు అమ్మిన రెసిపీ ఉంది, ప్రొడ్యూసరు కూడా అదే మనిషి. ఎంటర్ శాండ్‌మాన్ లాంటివి ఇంకో పన్నెండు కొట్టి వదిలితే కళ్ళు మూసుకుని అమ్ముడయ్యేవి. మన సినిమా వాళ్ళయితే అదే పని చేసేవాళ్ళు, పేరు పక్కన 2 అని పెట్టి. వీళ్ళేం చేశారు? సీడీలో పట్టేంత, అంటే 79 నిమిషాలు నింపారు. బ్లూస్, సదరన్ రాక్, మామా సెడ్ అని ఒక అచ్చమైన కంట్రీ పాట. ఆఖర్లో ది ఔట్‌లా టార్న్ అని దాదాపు పది నిమిషాల పాట. అదీ సీడీలో పట్టక ఒక నిమిషం కోసెయ్యాల్సొచ్చింది. నాకు తెలిసి కమర్షియల్ అంటే పాట రేడియోలో పట్టేలా కొయ్యడం. సీడీలో పట్టక కోసినవాళ్ళని కమర్షియల్ అనడం ఇక్కడే విన్నా.

ఇంకో ముఖ్యమైన విషయం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. హెట్‌ఫీల్డ్ పెరిగింది క్రిస్టియన్ సైన్స్ కుటుంబంలో. మందులూ డాక్టర్లూ వద్దు, దేవుడే నయం చేస్తాడనే నమ్మకం. వాళ్ళమ్మ క్యాన్సర్‌తో పోయింది, తనకి 16 ఏళ్ళప్పుడు. ఇప్పుడు ఆల్బములు వరసగా పెట్టుకుని చూడండి. 1988 లో డయర్స్ ఈవ్, తల్లిదండ్రుల మీద పళ్ళు కొరికే కోపం, చెవులు పగిలే స్పీడు. 1991 లో ది గాడ్ దట్ ఫెయిల్డ్, కోపం తల్లి మీద నించి ఆవిడ నమ్మకం మీదకి మళ్ళింది, స్పీడు తగ్గింది. 1996 లో అంటిల్ ఇట్ స్లీప్స్‌లో ఆ రోగం గురించి, మామా సెడ్‌లో అమ్మ గురించి నేరుగా, గొంతు తగ్గించి పాడాడు. ఆ ఏడాదే వాళ్ళ నాన్న కూడా క్యాన్సర్‌తోనే పోయాడు.

ఒకే గాయం, ఒకే మనిషి, 25 ఏళ్ళప్పుడు అరిచాడు, 33 ఏళ్ళకి కూర్చుని మాట్లాడాడు. ఆ 33 ఏళ్ళవాణ్ణి పట్టుకుని "మళ్ళీ 25 లా అరువు, లేకపోతే నువ్వు అమ్ముడుపోయినట్టే" అంటే, ఎవరు ఎవరిని సరుకులా చూస్తున్నట్టు? అరవడం వాళ్ళ ప్రొడక్టు, మనం కస్టమర్లం, సప్లై ఆగకూడదు. అదేగా మన డిమాండు?

రీలోడ్ మీద నాకు పెద్ద ప్రేమ లేదు. రెండు డిస్కులుగా వేద్దామనుకున్న పాటల్లో మిగిలిన సగం అది, విన్నా అలాగే ఉంటుంది, పండగ మర్నాటి పులిహోర లాగా. ది అన్‌ఫర్‌గివెన్ టూ అనే పేరు చూస్తేనే అర్థమవుతుంది ఎవరి కోసం రాశారో. ఆ పాయింటు అన్నయ్యదే, రాసిచ్చేస్తున్నా.

2003 లో వచ్చిన సెయింట్ యాంగర్ గురించి కూడా ఎక్కువ చెప్పను. న్యూస్టెడ్ 2001 జనవరిలో వెళ్ళిపోయాడు, హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి రీహాబ్‌లో చేరాడు, నెలకి 40 వేల డాలర్లు తీసుకునే ఒక కోచ్ వచ్చి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఇదంతా సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్ అనే డాక్యుమెంటరీలో ఉంది. ప్రాజెక్టు కూలిపోతున్న టీముని ఎప్పుడైనా దగ్గర్నించి చూసినవాళ్ళకి ఆ సినిమా మామూలుగా ఉండదు, స్టాండప్ మీటింగుల్లో జరిగేదంతా కనబడుతుంది. ఆల్బం మాత్రం భరించలేం. సోలోలు ఒక్కటీ లేవు, స్నేర్ డ్రమ్ము రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుంటుంది. కానీ ఒక్క మాట. వాళ్ళ రికార్డుల్లో అమ్మకం గురించి అతి తక్కువ ఆలోచించి చేసింది అదే. అంటే ఏంటి? కమర్షియల్ కాకపోవడానికీ బావుండడానికీ సంబంధం లేదు. అన్నయ్య థియరీ ప్రకారం సెయింట్ యాంగర్ కళాఖండం కావాలి. తనే అది డిలీట్ చేసేశాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి. 2008, డెత్ మాగ్నెటిక్. ప్రొడ్యూసరు మారాడు, రిక్ రూబిన్ వచ్చి, ఎనభైల్లో మాస్టర్ ఆఫ్ పపెట్స్ చేసినప్పుడు ఎలా ఆలోచించారో అలా ఆలోచించండి అన్నాడు. ఏడు నిమిషాల పాటలు, స్పీడు, సోలోలు, అన్నీ వాపసు. ప్యూరిస్టులు "మనవాళ్ళు ఇంటికొచ్చేశారు" అని పండగ చేసుకున్నారు. అన్నయ్య కూడా. "చూశావా, మళ్ళీ నిజాయితీగా చేశారు" అన్నాడు.

నిజాయితీయా! ఆ ఫైలుని ఆడాసిటీలో తెరిచి చూడండి. నేను చూశా, అన్నయ్యకి స్క్రీన్‌షాట్ కూడా పంపా.

సంగతేంటంటే, సీడీలో సౌండు ఒక్కో శాంపిల్ 16 బిట్లు. అంటే మైనస్ 32,768 నించి ప్లస్ 32,767 దాకా, సెకనుకి 44,100 సార్లు. ఆ పైన ఇంకేం లేదు, అదే కప్పు. పాటలో డ్రమ్ము దెబ్బ ఒక్కసారిగా పైకి లేస్తుంది, గొంతు దానికంటే కింద ఉంటుంది, నిశ్శబ్దం ఇంకా కింద. ఆ ఎత్తుపల్లాలే ప్రాణం. ఇప్పుడు మార్కెటింగ్ వాళ్ళకి ఒక కోరిక, మన పాట పక్కవాడి పాటకంటే గట్టిగా వినబడాలి. ఎందుకంటే రెండు పాటలు పక్కపక్కన వేస్తే కొంచెం గట్టిగా ఉన్నదే బావున్నట్టు అనిపిస్తుంది మన చెవికి. మొత్తం వాల్యూం పెంచుదామంటే డ్రమ్ము దెబ్బ అప్పటికే కప్పుకి తగులుతోంది. ఏం చెయ్యాలి? ఎత్తుగా ఉన్నవాటిని నొక్కేసి, కిందున్నవాటిని పైకి లాగాలి. దీన్నే కంప్రెషన్ అంటారు (మన జిప్ ఫైలు కంప్రెషన్ కాదండోయ్, దాంట్లో ఏదీ పోదు, దీంట్లో పోతుంది). ఇంకా అత్యాశకి పోతే శాంపిళ్ళు కప్పుకి గుద్దుకుని చదునైపోతాయి. అది క్లిప్పింగ్. మన భాషలో చెప్పాలంటే ఓవర్‌ఫ్లో వస్తుంటే ఎక్సెప్షన్ హ్యాండిల్ చెయ్యకుండా గరిష్ఠ విలువ రాసేసి ముందుకెళ్ళిపోవడం. అసలు విలువెంతో ఇక ఎప్పటికీ తెలీదు.

డెత్ మాగ్నెటిక్ వేవ్‌ఫామ్ చూస్తే అల అనేదే ఉండదు, ఇటుక ఉంటుంది. పాట మొదలు నించి చివర దాకా ఒకే మందం. రెండు పాటలయ్యేసరికి చెవులు అలిసిపోతాయి, ఎందుకో కూడా తెలీదు. అదే నెలలో గిటార్ హీరో అనే వీడియో గేమ్ కోసం ఇచ్చిన వెర్షన్లో ఈ నొక్కుడు లేదు, ఎందుకంటే గేమ్‌కి ట్రాకులు విడివిడిగా ముందే ఇచ్చారు. అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి చూసి లబోదిబోమన్నారు. 5 అంగుళాల సీడీలో కంటే పిల్లలాడుకునే గేమ్‌లో మెటాలికా బావుంది! మళ్ళీ మిక్స్ చెయ్యమని వేల మంది సంతకాలు పెట్టారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సన్ కూడా తన దగ్గరకొచ్చేసరికే అవి ఇటుకల్లా ఉన్నాయని తేల్చి చెప్పాడు.

అదీ సంగతి. పాత అభిమానుల్ని వెనక్కి రప్పించడానికి పాత స్టైలు, షాపులో గట్టిగా వినబడడానికి సౌండు పాడుచెయ్యడం. మార్కెట్ కోసం పాటని నిజంగా బలిచ్చిన రోజు ఏదన్నా ఉంటే అది 1991 కాదు, 1996 కాదు, 2008. మనవాళ్ళు చప్పట్లు కొట్టింది ఆ రోజే. ఎందుకంటే ఆ రోజు మనకి కావల్సింది మనకి ఇచ్చారు. మనకి కావల్సింది ఇస్తే నిజాయితీ, ఇంకొకడికి కావల్సింది ఇస్తే కమర్షియల్. ఇంతకంటే ఏమన్నా ఉందా ఈ థియరీలో?

2011 అక్టోబరు 30 న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. అంతకు రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సింది బారికేడ్లు విరిగి, జనం స్టేజీ ఎక్కి, రభసగా రద్దయింది. అన్నయ్య అప్పటికి బెంగళూరులోనే ఉద్యోగం. వర్షం బురదలో నిలబడి చూశాడు. నేను తొమ్మిదో క్లాసు, ఇంట్లో పంపలేదు, ఆ రాత్రి తను ఫోన్ చేసి గంటసేపు చెప్పాడు. ఏ పాటకి ఏడ్చావు అన్నయ్యా అంటే ఏం చెప్పాడో తెలుసా? నథింగ్ ఎల్స్ మాటర్స్. బ్లాక్ ఆల్బం! ఎనిమిదో పాట! కనుమ రోజు ఇది గుర్తు చేస్తే "అది వేరు" అన్నాడు. ఏం వేరో చెప్పలేదు.

ఆ మర్నాడే, అక్టోబరు 31 న, లూ రీడ్‌తో కలిసి చేసిన లూలూ యూరప్‌లో విడుదలైంది. ఒక జర్మన్ నాటకకర్త రాసిన పాత నాటకాల ఆధారంగా, 70 ఏళ్ళకి దగ్గరపడ్డ ముసలాయన గొణుగుతుంటే వెనక మెటాలికా. డబ్బు కోసం ఎవడన్నా చేసే పనా అది? దాన్ని అభిమానులు ఎంత తిట్టారో లెక్కే లేదు. నాకూ సగమే నచ్చింది. కానీ కమర్షియల్ అయితే తప్పు, కాకపోతే ఇంకా పెద్ద తప్పు అంటే ఇక ఆ మనుషులు ఏ తలుపులోంచి బయటకెళ్ళాలి?

మన సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. 2000 లో మెటాలికా నాప్‌స్టర్ మీద కేసు వేసి, తమ పాటలు పంచుతున్న 3,35,435 యూజర్ల పేర్లు కాగితాల మీద ప్రింటు తీసి పట్టుకెళ్ళి ఇచ్చింది. కోట్లున్నవాళ్ళు కుర్రాళ్ళ మీద పడ్డారని ప్రపంచమంతా బూతులు తిట్టింది. అన్నయ్యకి ఇప్పటికీ అది గొప్ప ఆయుధం. నిజమే, చూడ్డానికి చాలా అసహ్యంగా ఉండింది. కానీ ఎవరంటున్నారండీ ఈ మాట? కోఠిలో ఎంపీ3 సీడీ కొన్నవాడు అన్నయ్య, ఆ సీడీ కొట్టేసినవాణ్ణి నేను, తర్వాత హాస్టల్ ల్యాన్లో డీసీ ప్లస్ ప్లస్ పెట్టి మొత్తం డిస్కోగ్రఫీ లాగినవాణ్ణీ నేనే. మా ఇద్దరి దగ్గర్నించీ ఆ బ్యాండుకి 2011 టికెట్ డబ్బులు తప్ప ఒక్క పైసా ముట్టలేదు చాలా ఏళ్ళ దాకా. ఒక్క రూపాయీ ఇవ్వకుండా "మీరు డబ్బు కోసం చేస్తున్నారు" అనడానికి గుండె ధైర్యం కావాలి. ఇంటి పని చేయించుకుని జీతం అడిగితే "నీకు డబ్బు మీదే ధ్యాస" అనే బాపతు.

2022 లో స్ట్రేంజర్ థింగ్స్‌లో మాస్టర్ ఆఫ్ పపెట్స్ వేస్తే, 36 ఏళ్ళ తర్వాత ఆ పాట మొదటిసారి బిల్‌బోర్డ్ హాట్ 100 లోకి ఎక్కింది. అన్నయ్య కూతురు, ఎనిమిదో క్లాసు, ఇప్పుడు అదే పాట పొద్దస్తమానం వింటోంది. దానిక్కూడా "నువ్వు సీరియల్ చూసి వచ్చావు, నువ్వు ఫ్యాన్ కాదు" అన్నాట్ట. అది నా దగ్గరకొచ్చి "బాబాయ్, మరి నాన్న సీడీ చూసి వచ్చాడు కదా?" అంది. దానికి పూర్తి మార్కులు వేశా :)

ఇంతవరకూ నాది పైచెయ్యే అనుకుంటున్నారు కదా. అరుగు మీద జరిగిన మిగతాది కూడా చెప్పాలి.

వాదన ముదిరింది. వదిన, పిల్లలు, పెద్దమ్మ అందరూ ఉన్నారు. నేను అన్నాను: "నువ్వు గిటార్ అటక మీద పడేసి పవర్‌పాయింట్ పట్టుకున్నావు. డెలివరీ మేనేజర్‌వి. అమ్ముడుపోయింది వాళ్ళా, నువ్వా?"

అన్నయ్య ఏం మాట్లాడలేదు. లేచి లోపలికెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే బెంగళూరు బయల్దేరాడు. ఇప్పటికి నెలన్నరైంది. వాట్సాప్ గ్రూపులో అందరికీ జవాబిస్తాడు, నాకు తప్ప.

అన్నయ్య కాలేజీలో బ్యాండులో వాయించేవాడు. బాగా వాయించేవాడు. పెద్దనాన్నకి గుండె ఆపరేషన్ అయిన ఏడాదే ఆ గిటార్ మూట కట్టాడు, ఆన్‌సైట్ కోసం పరిగెత్తాడు. నా ఇంజనీరింగ్ ఫీజులో రెండు సెమిస్టర్లు కట్టింది కూడా తనే, ఆ పవర్‌పాయింట్ డబ్బుతోనే. ఇవన్నీ నాకు ఆ అరుగు మీద కూర్చున్నప్పుడూ తెలుసు. తెలిసే అన్నాను, ఎందుకంటే ఆ మాట బాగా తగుల్తుందని కూడా తెలుసు. పైన ఇంత పొడుగున ఏ మాటని బద్ధకపు మాట, పాట వినాల్సిన పని లేకుండా చేసే మాట అని రాశానో, సరిగ్గా అదే మాట, వాదనలో నెగ్గడం కోసం.

అన్నయ్యా, నువ్వు ఇది చదువుతావని తెలుసు, వదిన చదివిస్తుంది. బ్లాక్ ఆల్బం విషయంలో, లోడ్ విషయంలో నేను వెనక్కి తగ్గట్లేదు. డెత్ మాగ్నెటిక్ విషయంలో అసలే తగ్గను. ఆ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. అది అందరి ముందూ అన్నాను కాబట్టి ఇదీ అందరి ముందే.

ది ఔట్‌లా టార్న్ కొయ్యని వెర్షన్ ఒకటుంది, 10 నిమిషాల 48 సెకన్లు. ది మెమరీ రిమెయిన్స్ సింగిల్‌లో వేశారు. అది ఈసారి డబ్బులు పెట్టి కొని నీ మెయిల్‌కి పంపించా. కార్లో పెట్టకు, ఔటర్ రింగ్ రోడ్ హారన్లలో ఏం వినబడదు. పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. ఏడో నిమిషం తర్వాత న్యూస్టెడ్ బాస్ ఎలా ఉందో చూడు. ఆ తర్వాత ఫోన్ చేసి తిట్టు.